బుగ్గలో సూది, నరానికి గాయం

‘కోత లేదు, కుట్లు లేవు, మర్నాటికి ఇంటికి వెళ్లిపోవచ్చు’ అన్న మాట వినగానే, ముఖంలో నరాల నొప్పితో ఏళ్లుగా నలిగిపోతున్నవారికి ప్రాణం లేచి వస్తుంది. ఆ మాటలో అబద్ధం లేదు. బుగ్గలోంచి ఒక సూదిని పుర్రె అడుగున ఉన్న రంధ్రం దాకా పంపి, కాసేపట్లో నొప్పిని ఆపడం నిజంగానే సాధ్యం. అయితే ఆ మాట లెక్కలోకి తీసుకున్నది చర్మాన్ని ఒక్కదాన్నే. చర్మం మీద ఎంత గాటు పడిందన్నదాన్ని బట్టి చికిత్స చిన్నదో పెద్దదో తేల్చడం పిత్తాశయానికో అపెండిక్స్‌కో చేసే ఆపరేషన్లకు సరిపోతుంది. అక్కడ పెద్ద కోతతో చేసినా చిన్న రంధ్రాలతో చేసినా లోపల జరిగే పని ఒక్కటే. ముఖం నొప్పి సంగతి అలా కాదు. ఇక్కడ సూదితో చేసే పని వేరు, పుర్రె తెరిచి చేసే పని వేరు. సూది నరాన్ని కావాలనే కొంత గాయపరుస్తుంది. పుర్రె తెరిచే ఆపరేషన్ నరాన్ని గాయపరచకుండా, దాన్ని ఒత్తుతున్న రక్తనాళాన్ని పక్కకు తప్పిస్తుంది. చర్మం వైపు నుంచి చూస్తే మొదటిది చిన్న చికిత్స. నరం వైపు నుంచి చూస్తే రెండోదే చిన్నది. ఈ రెండో వైపు కూడా చూపించాకే రోగిని నిర్ణయం అడగాలని నా వాదన.

ముందు ఏ నరమో తేల్చుకోవాలి. వైద్య పుస్తకాల్లో ముఖ నాడి అనేది ఏడో కపాల నాడి. అది ముఖ కండరాలను కదిలిస్తుంది. దెబ్బతింటే మూతి వంకర పోతుంది. ఈ నొప్పి దానిది కాదు, దానికంటే ముందున్న అయిదో నాడిది. అది మూడు పాయలుగా చీలి నుదురుకు, బుగ్గకు, దవడకు స్పర్శనిస్తుంది కాబట్టే దానికి త్రిధార నాడి అని పేరు. ఇంగ్లిష్ పేరు ట్రైజెమినల్ కాబట్టి జబ్బును ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. హిందీ నటుడు సల్మాన్ ఖాన్ తనకు ఈ జబ్బు ఉందని చెప్పిన తర్వాత ఈ పేరు మన దగ్గరా చాలామంది చెవిన పడింది. ఏటా లక్షమందిలో సుమారు 4 నుంచి 13 మందికి కొత్తగా వస్తుందని అంచనా. యాభై దాటినవారిలో, ఆడవాళ్లలో ఎక్కువ. నొప్పి దాదాపు ఎప్పుడూ ముఖంలో ఒక పక్కనే. కరెంటు షాక్ కొట్టినట్టు వచ్చి, కొన్ని సెకన్లలోనో నిమిషం రెండు నిమిషాల్లోనో పోయి, మళ్లీ వస్తుంది. రప్పించేది పెద్ద దెబ్బేమీ కాదు. పళ్లు తోముకోవడం, ముద్ద నమలడం, గడ్డం గీసుకోవడం, ఒక్కోసారి ఫ్యాను గాలి బుగ్గకు తగలడం చాలు. అన్నం తినడానికి భయపడి చిక్కిపోయినవారున్నారు. దవడలో వచ్చే నొప్పి కనుక చాలామంది మొదట వెళ్లేది పళ్ల డాక్టరు దగ్గరికే. గట్టిగా ఉన్న పన్ను పీకించుకుని, నొప్పి తగ్గక పక్క పన్ను కూడా పీకించుకున్న కథ ఈ జబ్బు చరిత్రలో పదే పదే కనబడుతుంది.

ఇంత చిన్న స్పర్శకు అంత పెద్ద నొప్పి ఎందుకన్నదానికి జవాబు నరం మొదట్లో ఉంది. మెదడు కాండం నుంచి నరం బయటికొచ్చే చోట దాని మైలిన్ తొడుగు ఒక రకం నుంచి మరో రకానికి మారుతుంది. ఆ అతుకు ప్రాంతం సున్నితమైనది. చాలామంది రోగుల్లో సరిగ్గా అక్కడే ఒక ధమని నరాన్ని ఆనుకుని, గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాన్ని తడుతూ ఉంటుంది. సాధారణంగా అది చిన్నమెదడు పైభాగానికి రక్తం తీసుకెళ్లే ధమని. ఏళ్లు గడిచేసరికి అక్కడ తొడుగు అరిగిపోతుంది. తొడుగు పోయిన కరెంటు తీగలు పక్కపక్కన ఉంటే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుందని శాస్త్రజ్ఞుల ఊహ. స్పర్శను మోసే పోగుల్లో పుట్టిన సంకేతం నొప్పిని మోసే పోగుల్లోకి దూకుతుంది. దెబ్బతిన్న పోగులు తమంతట తామే రగులుకుని ఒకదాన్నొకటి రగిలిస్తాయి. అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 1930ల్లోనే ఆపరేషన్లు చేస్తూ నరాన్ని ఒత్తుతున్న ధమనులను గమనించాడు. అప్పటికి ఆపరేషన్ మైక్రోస్కోపు లేదు. 1960ల చివర్లో పీటర్ జానెట్టా ఆ మైక్రోస్కోపుతో చూసి, ధమనిని నరం మీంచి తప్పిస్తే నొప్పి పోతుందన్న వాదాన్ని నిలబెట్టాడు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పుకోవాలి. నొప్పి ఎరగనివారి ఎమ్మారైల్లో కూడా నరానికి రక్తనాళం తగిలి కనబడుతుంది. ఊరికే తగలడం వేరు, నరాన్ని వంచడమో సన్నబరచడమో వేరు. కారణమని చెప్పదగినది రెండోదే. కొద్దిమందిలో అసలు కారణం మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు చేసిన మచ్చో గడ్డో అయి ఉంటుంది. ఇంకొందరిలో ఎంత వెతికినా ఏమీ కనబడదు.

మొదటి చికిత్స మందే, అందులో వివాదం లేదు. 1962లో స్వీడన్ వైద్యుడు బ్లోమ్ కార్బమజెపైన్ ఈ నొప్పి మీద పనిచేస్తుందని ప్రకటించాడు. అరవయ్యేళ్లు దాటినా దాని స్థానం చెక్కు చెదరలేదు. మామూలు నొప్పి మాత్రలకు లొంగని ఈ బాధ మూర్ఛకు వాడే మందుకు లొంగడం, జబ్బు నరంలో మంట పుట్టడం కాదు, నరం అదుపు తప్పి సంకేతాలు పంపడం అన్నదానికి మంచి సాక్ష్యం కూడా. అయితే మోతాదు పెరిగేకొద్దీ మగత, తూలు, మతిమరుపు పెరుగుతాయి. పెద్దవాళ్లలో రక్తంలో సోడియం పడిపోతుంది. అరుదుగా చర్మం ఊడిపోయేంత ప్రమాదకరమైన రియాక్షన్ వస్తుంది. ఒక జన్యు లక్షణం ఉన్న ఆసియా వాసుల్లో ఆ ప్రమాదం ఎక్కువని తేలింది కనుక, మందు మొదలుపెట్టాక దద్దుర్లు వస్తే వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి. మందు పనిచేస్తూ, మనిషి మెలకువగా తన పని తాను చేసుకోగలుగుతున్నంత కాలం సూదీ వద్దు, కత్తీ వద్దు. ఆ రెంటిలో ఒకటి చెడినప్పుడే తర్వాతి ప్రశ్న.

సూది దారి వందేళ్ల నాటిది. జర్మన్ వైద్యుడు హార్టెల్ 1910లలో దాన్ని గుర్తించాడు. పెదవి మూలకు రెండున్నర మూడు సెంటీమీటర్ల అవతల బుగ్గలో గుచ్చి, నోటి లోపలి పొరకు తగలకుండా పైకీ వెనక్కీ పోనిస్తే, పుర్రె అడుగున ఫోరామెన్ ఓవేల్ అనే కోడిగుడ్డు ఆకారపు రంధ్రం తగులుతుంది. దాని వెనకే నరం మూడు పాయలుగా విడిపోయే ముడి ఉంటుంది. ఎక్స్‌రే తెర మీద చూస్తూ అక్కడికి చేరడం అనుభవమున్న చేతికి కొద్ది నిమిషాల పని. చేరాక ఏం చేయాలన్నదగ్గరే దారులు చీలాయి. ఒకటి వేడి. బోస్టన్‌లో విలియం స్వీట్ 1974లో తన సహచరుడితో కలిసి రేడియోఫ్రీక్వెన్సీ పద్ధతిని వివరించాడు. సూది మొన దగ్గర మొదట కొద్దిపాటి కరెంటు పంపుతారు. మెలకువలో ఉన్న రోగి ‘ఇక్కడ జివ్వుమంటోంది’ అని చెప్పిన చోటు నొప్పి చోటుతో కలిసిందాకా మొనను సర్దుతారు. తర్వాత కాసేపు మత్తు ఇచ్చి, ఆ మొనను సుమారు 70 డిగ్రీల దాకా వేడెక్కించి, ఆ పాయలో కొన్ని పోగులను మాడుస్తారు. మొత్తం నరాన్ని కాకుండా నొప్పి ఉన్న పాయనే ఎంచుకోగలగడం దీని గొప్పదనం. రోగి మాటే సూదికి దారి చూపే చికిత్సలు వైద్యంలో అరుదు.

రెండో దారి అనుకోకుండా దొరికింది. స్టాక్‌హోంలో హాకన్‌సన్ బృందం రేడియేషన్ పెట్టడానికి నరం ముడి ఎక్కడుందో ఎక్స్‌రేలో గుర్తించాలని, టాంటలమ్ లోహపు పొడిని గ్లిసరాల్‌లో కలిపి అక్కడ ఎక్కించింది. రేడియేషన్ ఇవ్వకముందే కొందరికి నొప్పి పోయింది! చిక్కటి ద్రవం అని మాత్రమే వాడిన గ్లిసరాలే నరం పోగులను దెబ్బతీసి పని చేసిందని తేలింది. 1981లో ఆయన దాన్నే ఒక చికిత్సగా ప్రకటించాడు. మూడోది బెలూన్. దాని వెనక కథ ఇంకా ఆసక్తికరం. 1950ల్లో కొందరు వైద్యులు నరం మీది ఒత్తిడి తీసేద్దామని చుట్టూ ఉన్న పొరను కోసి చూశారు. నొప్పి తగ్గింది. 1955లో షెల్డన్, పుడెంజ్ బృందం దాన్ని మరో రకంగా చదివింది: ఒత్తిడి తీయడం వల్ల కాదు, ఆ పనిలో నరం నలగడం వల్ల నొప్పి తగ్గుతోందని. 1983లో షికాగోలో ముల్లన్, లిక్టర్ ఆ నలుపుడును సూదిలోంచే చేశారు. పూర్తి మత్తులో, రక్తనాళాల్లో గడ్డలు తీయడానికి వాడే చిన్న బెలూన్‌ను రంధ్రంలోంచి పంపి, మిల్లీలీటరుకు మించని రంగు ద్రవంతో ఉబ్బించి, ఎక్స్‌రేలో బేరిపండు ఆకారం కనబడగానే నిమిషం అటూ ఇటూ నొక్కి ఉంచుతారు. ఆ నొక్కుడుకు గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు. అందుకే మత్తు డాక్టరు అట్రోపిన్ సిద్ధంగా పెట్టుకుని కూర్చుంటాడు. బెలూన్ ముఖ్యంగా నలిపేది స్పర్శ మోసే లావు పోగులను. కంటి నల్లగుడ్డు పొరకు స్పర్శనిచ్చే సన్న పోగులు చాలావరకు మిగులుతాయి. నొప్పి నుదుటి పాయలో ఉన్నప్పుడు చాలామంది బెలూన్‌నే ఎంచుకునేది అందుకే. కొన్నాళ్లు నమలడం బలహీనపడటం మాత్రం దీనితో మామూలే.

వేడి, గ్లిసరాల్, బెలూన్: పేర్లు మూడు, పని ఒకటే, కొలిచి గాయం చేయడం. సూది అక్కర్లేకుండా కిరణాలతోనే గాయం చేసే గామా నైఫ్ కూడా ఈ కుదురులోదే. స్వీడన్ శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో ఈ ఊహను ముందుకు తెచ్చినప్పుడు, ఎక్స్‌రే కిరణాలతో తొలుత ప్రయత్నించింది కూడా ఈ నొప్పి మీదే. ఇప్పుడు రెండు వందల దాకా కోబాల్ట్ కిరణాలను ఒకే బిందువు మీద కలిపి, నరం మొదట్లో 70 నుంచి 90 గ్రే మోతాదు ఇస్తారు. ఒంటి మీద గాటు పడదు. తలకు చట్రం బిగించడమే పెద్ద ఇబ్బంది. కానీ కిరణం నరంలో తెచ్చే మార్పుకు టైం పడుతుంది. ఫలితం రోజుల నుంచి నెలల దాకా ఆలస్యం కావచ్చు. అన్నం మింగలేక, నీళ్లు తాగలేక వచ్చినవారికి ఆ ఎదురుచూపు పనికిరాదు. అలాంటివారికి సూదే దిక్కు, అది గంటల్లో ఫలితమిస్తుంది.

ఇటు వైపు ఉన్నది జానెట్టా ఆపరేషన్, మైక్రోవాస్క్యులర్ డీకంప్రెషన్. చెవి వెనక పుర్రెలో రూపాయి బిళ్లంత కిటికీ తీసి, మైక్రోస్కోపు కింద ధమనిని నరం నుంచి విడదీసి, మళ్లీ తగలకుండా మధ్యలో టెఫ్లాన్ పీచు పెడతారు. నరాన్ని మాడ్చరు, నలపరు, కోయరు. ఫలితం ఎంత కాలం నిలుస్తుందో చూడటానికి 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఇప్పటికీ కొలమానం. పిట్స్‌బర్గ్‌లో జానెట్టా బృందం చూసిన 1185 మందిలో పదేళ్ల తర్వాత కూడా 70 శాతం మంది మందు లేకుండా, నొప్పి లేకుండా ఉన్నారు. ఆపరేషన్ తర్వాత ఇద్దరు మరణించారు, ఒకరికి మెదడు కాండంలో రక్తప్రసారం ఆగింది, నూటికి ఒకరికి ఆపరేషన్ చేసిన వైపు వినికిడి పోయింది. సూది వైపు నుంచి ఇంతే పెద్ద అధ్యయనం టర్కీలోని అంకారా నుంచి వచ్చింది. కన్పోలాత్ బృందం 25 ఏళ్లలో 1600 మందికి రేడియోఫ్రీక్వెన్సీ చేసింది. 97.6 శాతం మందికి నొప్పి వెంటనే పోయింది. ఒక్కసారి చేయించుకున్నవారిలో అయిదేళ్లకు నొప్పి లేనివారు 57.7 శాతం, పదేళ్లకు 52.3, ఇరవై ఏళ్లకు 41. గామా నైఫ్ మీద మార్సే నుంచి రెజిస్ బృందం ఇచ్చిన 497 మంది లెక్కలో పదేళ్లకు మందు లేకుండా నొప్పి లేనివారు 45.3 శాతం. మొదటి వారం చూస్తే సూదిని మించింది లేదు. పదో ఏడు చూస్తే లెక్క తిరగబడుతుంది. బ్రోషర్లలో కనబడేది ఎప్పుడూ మొదటి వారమే.

ఈ పోలిక న్యాయమైనదేనా అని ఎవరైనా నిలదీస్తే నిలదీయాల్సిందే. పిట్స్‌బర్గ్ రోగులు, అంకారా రోగులు ఒకేలాంటివారు కారు. పుర్రె తెరిపించుకోగలిగినవాళ్లు సహజంగానే వయసులో చిన్నవాళ్లు, ఆరోగ్యవంతులు. సూదికి వచ్చేవాళ్లలో పెద్దవాళ్లు, గుండె జబ్బులవాళ్లు ఎక్కువ. లాటరీ తీసినట్టు రోగులను రెండు వైపులా పంచి ఆపరేషన్‌నూ సూదినీ పోటీ పెట్టిన మంచి పరీక్షలు మన చేతిలో లేవు. 2011లో కోక్రేన్ సమీక్ష అన్నీ గాలించి పట్టుకున్నది 11 పరీక్షలు, 496 మంది రోగులు. వాటిలోంచి గట్టిగా చెప్పగలిగింది తక్కువని అదే ఒప్పుకుంది. అయినా ఈ అంకెలను తోసిపుచ్చలేం, ఎందుకంటే రెండు చికిత్సల ఫలితాల తేడా వాటి పని తీరు నుంచే అర్థమవుతుంది. గాయపడిన పోగులు తిరిగి మొలుస్తాయి, ధమని అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది. కాబట్టి సూది తర్వాత నొప్పి తిరిగి రావడం వింత కాదు. 2019లో యూరోపియన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ మార్గదర్శకాలు కూడా సాక్ష్యం బలహీనమని చెబుతూనే, రక్తనాళం నరాన్ని ఒత్తుతున్నట్టు కనబడితే మందు విఫలమైనవారికి ముందుగా ఆలోచించాల్సింది ఆపరేషన్ అని, ఒత్తిడి కనబడకపోతే గాయపరిచే పద్ధతులని అన్నాయి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం రోగుల నుంచే వస్తుంది. ‘బుగ్గ మొద్దుబారితే ఏం, ఈ నరకం పోతే చాలు’ అంటారు. ఆ మాట అనే హక్కు వాళ్లకుంది, ఈ నొప్పి పడనివాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చాలామంది విషయంలో వాళ్ల లెక్క సరైనదే. తేలికపాటి తిమ్మిరి కొన్ని నెలల్లో తగ్గుతుంది, తగ్గకపోయినా అలవాటవుతుంది. కానీ మొద్దుబారడంలో అంతస్తులున్నాయి. గాయం ఎంత లోతుగా చేస్తే ఫలితం అంత ఎక్కువ కాలం నిలుస్తుంది, మొద్దు కూడా అంత గట్టిపడుతుంది. ఒకటి పెంచకుండా రెండోది పెంచలేం. నల్లగుడ్డు పొరకు స్పర్శ పోతే కంట్లో నలుసు పడ్డా తెలియదు, పుండు పడితే చూపు మీదికి వస్తుంది. అంకారా లెక్కలో కంటి స్పర్శ తగ్గినవారు 5.7 శాతం. అన్నిటికంటే బాధాకరమైనది అనస్తీషియా డోలొరోసా: గిల్లినా తెలియనంత మొద్దుబారిన చోటే రాత్రింబగళ్లు మంట. అదే లెక్కలో అది 0.8 శాతం, అంటే 125 మందిలో ఒకరు. అరుదే, కానీ వచ్చినవారికి పాత షాకు నొప్పే నయమనిపిస్తుంది. దానికి మంచి మందు లేదు. గాయం లేకుండా సూదితోనే పని జరగదా అని కూడా చూశారు. కరెంటును తునకలు తునకలుగా పంపి వేడిని 42 డిగ్రీలు దాటనీయని ‘పల్స్‌డ్’ పద్ధతిని 2007లో టర్కీ వైద్యులు మామూలు రేడియోఫ్రీక్వెన్సీతో 40 మందిలో పోల్చారు. మామూలు పద్ధతి పనిచేసింది, పల్స్‌డ్ పద్ధతి దాదాపు ఎవరికీ నిలవలేదు. గాయం తీసేస్తే ఉపశమనమూ పోయింది. సూది ఫలితం గాయం నుంచే వస్తోందనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఇదంతా సూదిని చిన్నచూపు చూడటానికి కాదు. ఎనభై ఏళ్ల మనిషి, గుండెలో స్టెంటు, రక్తం పలుచబరిచే మందులు, మాటిమాటికీ తూలు: ఆయనకు మూడు నాలుగేళ్లు నొప్పి లేకుండా గడవడం పెద్ద వరం. సాధారణంగా ఆ మందులను కొన్ని రోజులు ఆపడానికి గుండె డాక్టరు ఒప్పుకుంటే బెలూనో వేడో చాలు, నొప్పి తిరిగొస్తే మళ్లీ చేయవచ్చు. మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్ల వచ్చినవారిలో చాలాసార్లు తప్పించడానికి ధమనే ఉండదు. అక్కడ గాయపరిచే పద్ధతులే ముందుకొస్తాయి. ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి తిరిగొచ్చినవారికి, మత్తు తట్టుకోలేనివారికి ఇదే దారి. ఆపరేషన్ బాగా చేసే చేయి అందుబాటులో లేకపోవడం కూడా నిజమైన కారణమే. అరుదుగా చేసే చోట జానెట్టా బృందం ఫలితాలు వస్తాయని ఆశించకూడదు. నా అభ్యంతరమల్లా యాభై అయిదేళ్ల ఆరోగ్యవంతురాలికి, నరం మీద ధమని స్పష్టంగా వాలి ఉన్నా, ‘కోత లేదు’ అన్న ఒక్క మాట చెప్పి సూది గుచ్చడం మీదే. ఆమె ముందు ఇంకా ముప్ఫయ్యేళ్లు ఉండవచ్చు. అన్నేళ్లకు ఒక గాయం చాలకపోవచ్చు, గాయం మీద గాయం చేసేకొద్దీ మొద్దు పేరుకుంటుంది.

సామాన్యంగా ఆసుపత్రి తన దగ్గర ఏది ఉంటే అది ఇస్తుంది: నొప్పి క్లినిక్‌లో సూది, రేడియేషన్ కేంద్రంలో కిరణాలు, న్యూరోసర్జన్ దగ్గర ఆపరేషన్. ఎవరి మీదా నింద వేయనక్కర్లేదు, కానీ రోగి వాళ్లలో ఒక్కరి మాటే విని రాకూడదు. నిర్ణయానికి ఆధారం ఎమ్మారై. మామూలు తల ఎమ్మారైలో ఈ సంగతి తేలదు. నరాన్ని, పక్కనున్న నాళాలను మిల్లీమీటరు కంటే సన్నని ముక్కలుగా చూపే ప్రత్యేక సీక్వెన్సు కావాలి. రిపోర్టులో ‘మెదడు నార్మల్’ అని ఉంటే పరీక్ష పూర్తయినట్టు కాదు. ఏ వైపు నరం, దాన్ని ఏ నాళం తాకుతోంది, మొదట్లోనా దూరంగానా, ఊరికే ఆనుకుందా లేక నరాన్ని వంచుతోందా, ఆ వైపు నరం రెండో వైపుకంటే సన్నబడిందా అన్నవి అందులో రాసి ఉండాలి. రాసి లేకపోతే, సూదికి తేదీ ఖాయం చేసుకోకముందే రేడియాలజిస్టును అడిగి రాయించుకోవాలి.